ఏడు గంటల నాటి నీరు

ఫోను మోగేటప్పటికి షీజ ఎదుట తెరమీద కాంజిరక్కడవు రేవు పేరు ఎర్రగా వెలుగుతోంది. ఏటి మట్టం మూడు మీటర్ల అరవై. అక్కడి చప్టా మీద రాకపోకలు ఆపవలసిన గీత మూడు మీటర్లు. అంటే ఈ గడియలో ఆ చప్టా మీద మనిషి కాదు కదా, కుక్కపిల్ల కూడా అడుగు పెట్టకూడదు.

"హలో, పుళయోరం వాళ్ళేనా?"

పుళయోరమంటే ఏటిగట్టు. కొచ్చిలోని కాక్కనాడులో ఒక భవనం ఐదో అంతస్తున పద్నాలుగుమంది కూర్చుని నడిపే పేజీకి ఆ పేరు పెట్టుకున్నారు. అరవై రెండు చోట్ల ఏట్లో పాతిన యంత్రాలు పది నిమిషాలకోసారి నీటిమట్టం పంపుతుంటాయి. జనం అది ఫోన్లో చూసుకుని రేవులు దాటుతారు, మేకల్ని తోలుకొస్తారు, పిల్లల్ని బడికి పంపాలా వద్దా అని తేల్చుకుంటారు. పేజీ అడుగున ఫిర్యాదులకని ఒక నంబరుంటుంది. ఈ వారం ఆ నంబరు మోత షీజ వంతు.

"అవును చేట్టా, చెప్పండి." ఆ వైపు అన్నయితే చేట్టా, అక్కయితే చేచీ, కూతురి వయసు పిల్లయితే మోళే.

"నేను కాంజిరక్కడవు నుంచి, సుకుమారన్ని. చప్టా పక్కన టీకొట్టు నాదే. మోళే, మీ పేజీకేమన్నా పిచ్చిపట్టిందా? ఇక్కడ నీళ్ళు చప్టా ఎక్కుతున్నాయి, మీదేమో పచ్చగా పళ్ళికిలిస్తోంది. రెండు నలభయ్యంట!"

"లేదు చేట్టా, ఎర్రగానే ఉంది. మూడు అరవై. నా కళ్ళెదురుగానే ఉంది. మీరు పాత పేజీ చూస్తున్నట్టున్నారు, ఒక్కసారి కిందికి లాగి వదలండి."

"బావిలో చేద లాగినట్టు లాగుతూనే ఉన్నా గంటనుంచీ. పాతదెట్లా అవుద్ది? పైన గడియారం పదకొండు ఇరవయ్యారు చూపిస్తా ఉంది. మా గోడ గడియారంలోనూ అంతే."

పొద్దుటినుంచి ఇలాంటివి ముప్ఫై ఫోన్లు తీసుకుని ఉంది షీజ. ఒకరికి పేజీ తెరుచుకోదు, ఒకరికి అక్షరాలు చిన్నవి, ఒకరికి వాన ఎప్పుడు ఆగుతుందో చెప్పాలి. ఆ విసుగంతా గొంతులోకి వచ్చేసింది. "మీ ఫోన్లోనే ఏదో తేడా ఉంది చేట్టా. ఒకసారి ఆపి..."

"నా ఒక్కడి ఫోనేంటి? కొట్లో ఏడుగురున్నాం, ఏడూ పచ్చే. ఏడింటికీ ఒకేసారి జ్వరమొచ్చిందా?"

షీజ బల్లమీద ఉన్న తన ఫోను అందుకుని, ఆఫీసు వైఫై కట్టేసి, ఊళ్ళో జనమంతా చూసే దారినే పేజీ తెరిచింది. కాంజిరక్కడవు, రెండు మీటర్ల నలభై, పచ్చ. పైన గడియారం పదకొండు ఇరవయ్యేడు. వైఫై మళ్ళీ పెట్టింది. మూడు అరవై, ఎరుపు.

ఏం జరిగిందో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ ఏర్పాటంతా ఆమె చేతిదే.

పోయిన ఏడాది వానల్లో అందరూ ఒక్కసారే చూడబోతే ఆఫీసు సర్వరు తట్టుకోలేక కుప్పకూలింది. అందుకని షీజ దానిముందు నకళ్ళు పెట్టింది. టీకొట్టు నడిపేవాడు ప్రతి గిరాకీకీ కొత్తగా డికాక్షన్ కాచడు కదా, పొద్దున కాచి పెట్టుకున్నదే పోస్తాడు. అలాగే ఒకసారి తయారైన పేజీని దాచి ఉంచి, అడిగినవాళ్ళందరికీ అదే చూపించడం, ఐదు నిమిషాలకోసారి అసలు సర్వరునడిగి కొత్తది తెచ్చుకోవడం. క్యాష్ అంటారు వాళ్ళ భాషలో. ఇంతవరకూ బాగానే ఉంది. సర్వరు మూడు సెకన్లలో జవాబివ్వకపోతే ఎలా అని ప్రశ్న వచ్చింది. 'పాత నకలే చూపించు' అని రాసింది షీజ. ఎంతసేపటిదాకా చూపించాలో రాయలేదు. మూడు నిమిషాలో నాలుగు నిమిషాలో అనుకుంది, అంతకుమించి ఎందుకవుతుందిలే అనుకుంది.

ఈ పొద్దు ఏడింటికి వాన బిగిసింది. సర్వరుకి ఊపిరాడక జవాబు రావడానికి ఎనిమిది సెకన్లు పడుతోంది. మూడు సెకన్లు చూసి నకలు వెనక్కి తిరిగిపోతోంది, పొద్దున ఏడు గంటల ఐదు నిమిషాలప్పుడు పట్టుకున్న పేజీనే అందరికీ పంచుతోంది. మరి ఆఫీసువాళ్ళకెందుకు తెలియలేదంటే, అది ఇంకో పాపం. పేజీలో ఏ మార్పు చేసినా పాతదే కనపడుతోందని పరీక్షించేవాళ్ళు గోలపెడుతుంటే, ఆఫీసునుంచి చూసేవాళ్ళకి నకలుతో పని లేకుండా నేరుగా సర్వరుకే దారి పెట్టింది. వాళ్ళు ఎనిమిది సెకన్లు ఓపిగ్గా కూర్చుని నిజం చూస్తున్నారు. ఊరంతా అబద్ధం చూస్తోంది. ఇక ఆ గడియారం! కదలకుండా ఉంటే పేజీ చచ్చినట్టుందని పేజీకి డబ్బు పెట్టినవాళ్ళెవరో అంటే, ఫోన్లో ఉన్న గంటే తీసి పైన అతికించారు. నీళ్ళు ఏడింటివి, గంట ఇప్పటిది. అలా పెట్టమన్నవాడి నోట్లో మన్ను పొయ్యా, పెట్టిన చేతులూ ఆమెవే.

"మోళే, ఉన్నావా?"

"ఉన్నాను చేట్టా. మీరన్నదే నిజం. ఎవరూ దాటకూడదు, ఎవ్వరూ. ఇప్పటిదాకా ఎవరైనా దాటారా?"

"కురియాకో దాటాడు. పాలసంఘం వ్యాను. ఇప్పుడే, పావుగంటయింది. అప్పటికి నీళ్ళు చప్టాకి జానెడు కిందున్నాయి. ఆగరా అంటే ఫోను నా మొహమ్మీద పెట్టాడు. 'పచ్చ చూడు సుకుమారా, గంట చూడు, నువ్వు చూస్తావు ఏటిని, ఇది చూస్తుంది కొండల్ని' అని నవ్వి పోయాడు."

"తిరిగి ఎప్పుడొస్తాడు?"

"అవతల క్యాన్లెత్తుకుని పన్నెండుకల్లా వస్తాడు. రోజూ అంతే. వచ్చి నా దగ్గర పరిప్పువడ తిని పోతాడు."

"ఫోను చెయ్యండి."

"చేశాను, అందలేదు. అవతలిగట్టున మాటలు అందవు మోళే, మీ పేజీ మాత్రం మూలుగుతూ మూలుగుతూ తెరుచుకుంటుంది. అరుద్దామంటే ఈ వానలో అవతలిగట్టే కనపడట్లా."

పాలసంఘం నంబరు అడిగి తీసుకుని షీజ తానే చేసింది. ల్యాండ్‌లైను చచ్చి ఉంది. పోలీసు ఠాణాకి చేసింది. చెప్తాం, చెప్తాం, ఉన్న జీపు ఇంకోచోట చిక్కుకుంది అన్నారు. ఇక కురియాకో తిరుగుదారిలో చూసేది ఒక్కటే, ఈ పేజీ. దాన్ని సరిచెయ్యడం ఆమె చేతిలో పని. ఒక మీట నొక్కితే నకళ్ళన్నీ చెరిగిపోతాయి.

కానీ చెరిగిపోతే ఏమవుతుందో కూడా ఆమెకి తెలుసు. నలభైవేలమంది ఒక్కసారిగా అసలు సర్వరు మీద పడతారు, అది నిలువునా కూలిపోతుంది. కాంజిరక్కడవు ఒక్కదాని నకలే చెరుపుదామంటే అదీ కుదరదు. త్వరగా తెరుచుకోవాలని అరవై రెండు రేవుల్నీ కలిపి ఒకే పేజీగా కుట్టింది కూడా తనే. మెచ్చుకున్నారు అప్పట్లో.

పదకొండు ముప్ఫై మూడుకి గోపకుమార్ గదిలోకి వెళ్ళింది. పై అధికారి. మెత్తటి మనిషి, ఎవర్నీ గొంతెత్తి ఒక మాట అనడు. చివరిదాకా విన్నాడు.

"నకళ్ళు చెరిపేస్తాను సార్."

"చెరిపితే ఏం కనపడుతుంది?"

"ఏమీ కనపడదు. పేజీ పడిపోతుంది."

"అది మందా, విషమా? పోయినేడు రెండు గంటలు పడిపోతే ఏమైందో మర్చిపోయావా షీజా? జనం ఫోనులు పట్టుకుని ఇళ్ళ కప్పుల మీద కూర్చున్నారు, ఎటు పోవాలో తెలీక. అరవై రెండింట్లో సగం చోట్ల ఏడింటి లెక్కకీ ఇప్పటికీ పెద్ద తేడా లేదు. వాళ్ళ కళ్ళు కూడా పొడిచేస్తావా?"

"మిగతా సగం చోట్ల అబద్ధం చూపిస్తున్నాం సార్. ఏమీ కనపడకపోతే మనిషి బయటికొచ్చి ఏట్లోకి చూస్తాడు. పచ్చగా కనపడితే చూడడు."

"పది నిమిషాలియ్యి. ఇంకో రెండు సర్వర్లు లేపిస్తాను. అవి నిలబడ్డాక చెరుపు. పేజీ పడదు, నిజమూ కనపడుతుంది. రెండు పిట్టలూ బతుకుతాయి."

మాట సబబుగానే ఉంది. అదే వచ్చిన చిక్కు, తప్పుడు మాటైతే ఎదురు తిరిగేది. "పన్నెండుకి ఒకాయన చప్టా దాటుతాడు సార్" అంది. "పదకొండు నలభై మూడుకల్లా అయిపోతుంది" అన్నాడు. షీజ సరేనంది. సరే అన్నది ఆమే, ఆమె నోరే. తర్వాత ఎన్ని రోజులు ఎన్ని విధాల తిరగేసి చూసుకున్నా ఆ మాట అక్కడే ఉంది.

మొదటి సర్వరు లేచింది. రెండోది లేవలేదు. ఏదో తాళంచెవి గడువు తీరిందట, కొత్తది తేవాలట. పదకొండు నలభై ఐదుకి గోపకుమార్ తలుపు దగ్గరికొచ్చి "ఇంకో ఐదంటే ఐదు" అన్నాడు. షీజ కళ్ళు మీట మీదున్నాయి. సుకుమారన్ మళ్ళీ ఫోను చేశాడు. "నీళ్ళు చప్టా మీద మోకాలెత్తు పారుతున్నాయి, మీది ఇంకా పచ్చే. ఏం చేస్తున్నారమ్మా మీరక్కడ? కూచుని కర్రపెండలం, చేపలకూర తింటన్నారా?" "అయిపోతోంది చేట్టా, అయిపోతోంది. మీరు ఇవతల ఎవర్నీ దిగనివ్వకండి."

"ఇవతల నేనున్నాగా. అవతల ఎవరున్నారు?"

యాభై దాటింది. యాభై మూడు. రెండో సర్వరు లేచి, పడి, మళ్ళీ లేస్తోంది. గోపకుమార్ ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు, ప్లీజ్ ప్లీజ్ అంటున్నాడు. పదకొండు యాభై ఆరుకి ఎవర్నీ అడక్కుండా షీజ మీట నొక్కేసింది.

ఒక్క నిమిషంలో తెరలన్నీ తెల్లబోయాయి. పుళయోరం పడిపోయింది. గోపకుమార్ పరుగున వచ్చాడు, ఆమెని చూశాడు, గోడకి చేరగిలబడ్డాడు. ఆఫీసులో ఫోనులన్నీ ఒక్కసారే మోగడం మొదలుపెట్టాయి. షీజ ఒక్కటే ఎత్తింది.

"ఇప్పుడేం కనపడట్లేదు మోళే, అంతా తెలుపు" అన్నాడు సుకుమారన్. "కొట్లోవాళ్ళంతా బయటికొచ్చి ఏటిని చూస్తా నిలబడ్డారు."

"మంచిది చేట్టా. మంచిది. కురియాకో చేట్టన్ రాలేదుగా?"

అవతలినుంచి వాన చప్పుడు వినిపించింది. ఎవరో ఆడమనిషి అరుస్తోంది.

"వ్యాను లైట్లు కనపడ్డాయి" అన్నాడాయన. "చప్టా మధ్యదాకా కనపడ్డాయి. నేను తువ్వాలు ఊపాను. ఇప్పుడు లేవు."

రెండోరోజు పొద్దున, నాలుగు మైళ్ళ దిగువన, వెదురుపొద కింద దొరికాడు.

ఆ వారమంతా షీజ ఇంటికి పోయి తిని పడుకుంది, లేచి ఆఫీసుకొచ్చింది. ఏం తిందో తెలీదు. సంస్థ తరఫున ఇద్దరు పెద్దమనుషులొచ్చి ఒక కాగితం తయారుచేశారు. 'ఆనాటి భారీ వర్షాలవల్ల నెట్‌వర్క్ అంతరాయం' అని అందులో ఉంది. చదివితే తప్పు వానదీ టవర్లదీ. గోపకుమార్ ఆ కాగితం ఆమె బల్లమీద పెట్టి, "మనవాళ్ళ పద్నాలుగు కుటుంబాలున్నాయి షీజా" అన్నాడు. కళ్ళలోకి చూడలేకపోయాడు పాపం.

నాలుగోరోజు ఆమె నకళ్ళ చిట్టా తెరిచింది. ఏ పేజీని ఏ టవరు కిందనుంచి ఏ నిమిషంలో ఎవరు అడిగారో నకళ్ళు రాసుకుంటాయి. అవతలిగట్టున ఆ వానలో ఆ గంటలో పేజీ అడిగిన ఫోను ఒకటే ఒకటి. పదకొండు యాభై ఒకటికి తెరిచింది. పదకొండు యాభై రెండుకి మళ్ళీ. పదకొండు యాభై మూడుకి మళ్ళీ. మూడుసార్లూ వెళ్ళిన జవాబు ఒక్కటే: రెండు నలభై, పచ్చ. ముప్ఫై మూడుకే మీట నొక్కి ఉంటే, ఆ మూడుసార్లూ తెల్లటి పేజీ వచ్చేది. షీజ తెరమీద చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఆ చిట్టా సంగతి ఎక్కడా ఎత్తకు" అన్నాడు గోపకుమార్, ఆమె చెప్పబోతుంటే. "విన్నట్టు కూడా నాకు గుర్తుండదు."

మర్నాడు బస్సెక్కి కాంజిరక్కడవు వెళ్ళింది. ఎందుకు వెళ్తున్నావంటే చెప్పలేకపోయేది. క్షమించమనడానికా? ఏ మొహం పెట్టుకుని? ముందే ఫోను చేసి చెప్పడంతో సుకుమారన్ బస్సు దగ్గరికొచ్చాడు. ఆమె ఊహించుకున్నదానికన్నా పొట్టి మనిషి. తిడతాడనుకుంది, తిట్టలేదు. "కట్టన్ చాయ తాగి పోదాం" అన్నాడంతే. ఆ పాలు లేని టీ తాగుతుంటే తలవంచుకుని చెప్పాడు: "ఊళ్ళో ఒక మాట పుట్టింది. పొద్దున్నే తాగి బండెక్కాడని. నీళ్ళెంతున్నాయో చూసుకోకుండా దూకించాడని. కళ్ళున్నవాడెవడైనా ఆ నీళ్ళలో దిగుతాడా అంటన్నారు. వాళ్ళన్న యోహన్నానే అంటన్నాడు, ఇంకెవర్నని ఏం లాభం? పదేళ్ళ కిందట తాగేవాడులే, అది పట్టుకున్నారు."

ఇంటిముందు నీలం టార్పాలిన్ కింద ప్లాస్టిక్ కుర్చీల్లో జనం కూర్చుని ఉన్నారు, ఇరవై ముప్ఫైమంది. ప్రార్థన అయిపోయి గంజీ పెసలూ వడ్డిస్తున్నారు. పాలసంఘం వాళ్ళూ, బంధువులూ, అరుగుమీద గోడకానుకుని తెల్లచొక్కాలో అన్న యోహన్నాన్. సుకుమారన్ ఆమెని పక్కవాకిలినుంచి వంటింట్లోకి తీసుకెళ్ళాడు. కురియాకో భార్య ఏలియామ్మ పొయ్యి పక్కన పీటమీద కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది.

"కొచ్చినుంచి వచ్చింది" అన్నాడు సుకుమారన్. "ఆ పేజీవాళ్ళ అమ్మాయి."

ఏలియామ్మ తల ఎత్తింది. "ఏంటి? నెట్‌వర్క్ అని చెప్పడానికొచ్చావా? ఆ కాగితం మాకు చదివి వినిపించారులే."

షీజ నేలమీద ఆమె ఎదురుగా కూర్చుంది.

"నెట్‌వర్క్ కాదు చేచీ. ఆ పేజీ చేసింది నేను. దాంట్లో ఉన్న నీళ్ళు పొద్దున ఏడింటివి. గంట మాత్రం అప్పటిది. అలా చేసిందీ నేనే. తెలిశాక కూడా ఇరవై తొమ్మిది నిమిషాలు ఆగాను."

పొయ్యిమీద గంజి ఉడికే చప్పుడు వినిపిస్తోంది. కొడుతుందేమో అనుకుంది షీజ. కొడితే బాగుండుననుకుంది.

"మరి ఆయన చూశాడా?" అంది ఏలియామ్మ. "దిగేముందు. చూసే దిగాడా?"

"చూశారు చేచీ. మూడుసార్లు చూశారు. మొదట ఒకసారి, నిమిషం ఆగి ఇంకోసారి, ఇంకో నిమిషం ఆగి మళ్ళీ. నీళ్ళని చూసి అనుమానమొచ్చే ఉంటుంది. లేకపోతే మూడుసార్లెందుకు చూస్తారు? మూడుసార్లూ మేం పరవాలేదు పొమ్మన్నాం."

"మూడుసార్లా?"

"మూడుసార్లు. మా చిట్టాలో రాసుంది."

ఏలియామ్మ లేచింది. కొంగుతో మొహం తుడుచుకుంది. షీజ మణికట్టు పట్టుకుంది. ఆ పట్టు ఎంత గట్టిదంటే గాజు ఒకటి చిట్లింది. వంటింట్లోంచి నడవలోకి, నడవలోంచి అరుగుమీదికి లాక్కొచ్చింది. గంజి వడ్డిస్తున్నవాడు గరిటె పట్టుకుని నిలబడిపోయాడు.

"చెప్పు" అంది ఏలియామ్మ. "లోపల నాకు చెప్పావే, అదే చెప్పు."

ఈ మాట రేపటికి కాక్కనాడు చేరుతుందని షీజకి తెలుసు. గోపకుమార్ మొహం ఒకసారి కళ్ళముందు మెదిలింది. అయినా నోరు విప్పింది. తన పేరు చెప్పింది, పని చెప్పింది. ఏడింటి నీళ్ళ సంగతి చెప్పింది. పదకొండు యాభై ఒకటి, యాభై రెండు, యాభై మూడు అని ఒక్కొక్క నిమిషమూ విడివిడిగా చెప్పింది. తాగినవాడు మూడుసార్లు చూసుకోడు అనలేదు. ఆ మాట అనక్కర్లేకపోయింది, యోహన్నాన్ గోడకి ఆనించిన వీపు తీసి నిటారుగా కూర్చున్నాడు, కళ్ళు మాత్రం పైకెత్తలేదు.

చెప్పడం అయిపోయింది. ఏలియామ్మ చెయ్యి వదల్లేదు.

"వెనకాల ఉన్నవాళ్ళకి వినపడలేదు" అంది. "మళ్ళీ చెప్పు."

షీజ గొంతు పెంచి మొదటినుంచి మళ్ళీ చెప్పింది.